వనపర్తిలో సముద్రం ఆడిన ఆదివారాలు

మా అక్క మార్తమ్మ ఇక మీదట డయాలసిస్‌కు పోనని మొండికేసి పడుకుందని కోడలు సునీత ఫోన్ చేసినప్పుడు నేను గద్వాలలో మా మిద్దె మీద మిరపకాయలు ఎండబోస్తున్నాను. "చిన్నత్తా, నిన్న పోవాల్సిన దినం. ఎంత మొత్తుకున్నా లేవలేదు. గిట్ల రెండు మూడుసార్లు తప్పితే మనిషి దక్కదని డాక్టరు సారు చెప్పిండు. నువ్వన్న వచ్చి చెప్పు, నాతోని అయితలేదు" అని ఏడ్చింది పిల్ల. మిరపకాయలు అట్లాగే వదిలేసి, చేతులు కడుక్కోవడం కూడా మరిచి, చెప్పులు తొడుక్కుని బస్టాండుకు నడిచాను. దారంతా కళ్ళు మండుతూనే ఉన్నాయి. కారం చేతులతో కళ్ళు తుడుచుకుంటున్నానని పెబ్బేరులో బస్సు మారేటప్పుడు గాని తట్టలేదు. అప్పటిదాకా అదంతా దుఃఖమే అనుకున్నాను.

నా పరిస్థితి ఇక్కడే చెప్పేస్తే మంచిది. మా ఆయన పోయి ఏడేళ్ళు. పిల్లలు లేరు. ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి, నాలుగు పుస్తకాలు రాసి, ఉన్న చుట్టాలందరితోనూ ఏదో ఒక పెళ్ళిలోనో చావులోనో పోట్లాడి, చివరికి ఈ భూమ్మీద నన్ను "ఒసేయ్" అని పిలిచే మనిషిని ఒక్కదాన్నే మిగుల్చుకున్నాను. ఆమె పోతే నాకు ఎవరూ లేరు. ఈ వయసులో ఇంత పచ్చిగా చెప్పుకోవడానికి సిగ్గుపడాలేమో. నేను పడను. ఆ రోజు బస్సులో కూర్చుని, అక్కను ఎట్లాగైనా ఆ మిషన్ దగ్గరికి పంపించాలి, కాళ్ళు పట్టుకునైనా సరే, తిట్టైనా సరే, అని ఒక్కటే అనుకుంటూ పోయాను.

వనపర్తిలో ఇంటికి చేరేసరికి అక్క గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ముఖం ఉబ్బింది, పాదాలు వాచాయి. మూడేళ్ళుగా వారానికి మూడుసార్లు లావుపాటి సూదులు దిగిన ఎడమచేతి నరం ముడులు పడి ఉంది. "ఎందుకొచ్చినవే దీనా, ఎండల పడి?" అంది తిరగకుండానే. "నిన్ను లేపుకపోవనీకి" అన్నాను. "మూడేండ్లు పోయిన. మిషన్ మీదికెల్లి లేస్తే కండ్లు తిరుగుడు, కాళ్ళు గుంజుడు. ఒక దినం జర మంచిగుంటే మళ్ళ తెల్లారి పోవుడే. రెండుసార్లు ఆడనే సొమ్మసిల్లి పడిన. గుండె గూడ మంచిగ లేదన్నడు డాక్టరు. ఇగ సాలు." నేను తిట్టాను. దేవుడి మాటలు చెప్పాను, ఆమె నాకంటే ఎక్కువ చదివిన బైబిలు నుంచి ఆమెకే చెప్పాను. సునీత ముఖం చూడమన్నాను. ఏదీ పారలేదు. చివరికి మంచం పట్టె మీద తల పెట్టుకుని చిన్నపిల్ల మాదిరి ఏడ్చాను. చాలాసేపటికి ఆమె చెయ్యి నా తల మీద పడింది. "ఊకో. సరే, ఒక్క పని చెయ్యి. మౌలాలి మామ చెప్పిన సముద్రం సినిమా యాదికున్నదా? ఇండ్ల తలుపులు పీక్కొని నీళ్ళ మీద నిలబడ్తరు సూడు, అది. ఆ సినిమా ఒక్కసారి సూపియ్యి. సూపిస్తే నువ్వు పొమ్మన్నన్ని దినాలు పోత. ఆదివారం దాంక సూస్త. అందాంక గూడ పోత, ఏడ్వకు."

యాదికి లేకపోవడమేమిటి. నా చిన్నతనంలో వనపర్తిలో ఒక సినిమా హాలు ఉండేది. రేకుల కప్పు, నేల మీద ఇసుక, వెనుక బెంచీలు, ఇంకా వెనుక నాలుగు వరుసల కుర్చీలు. మామూలు రోజుల్లో మన సినిమాలు. ఆదివారం పొద్దుటి ఆట మాత్రం ఇంగ్లీషుది, కాలేజీ హాస్టళ్ళ పిల్లల కోసం వేసేవాళ్ళు. పట్నంలో ఆడి ఆడి, గీతలు పడి, నడుమ నడుమ తెగి, అతుకులు వేసుకుని ఏళ్ళు గడిచాక మా ఊరికి వచ్చేవి ఆ సినిమాలు. వాటిలో ఎక్కువ సముద్రపు ఒడ్డువే. అరవైల నాటి సరదా సినిమాలు. పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు, పైకప్పు లేని కార్లు, గిటార్లు, ఎర్రటి గొడుగులు, పొద్దున లేచింది మొదలు పొద్దు గూకేదాకా ఒడ్డున ఎగరడం. ఎవరో ఒక మీసాల ముసలాయన వాళ్ళను తరిమికొట్టబోయి నీళ్ళలో పడతాడు. ఒకమ్మాయి ఒకబ్బాయి మీద అలుగుతుంది. సాయంత్రానికి అలక తీరుతుంది. అందరూ కలిసి ఎగురుతారు. కథ అంతే. ఇప్పుడు ఎవరైనా చూస్తే ఇదేం సినిమా అంటారు. మేము దాని కోసం ఆరు దినాలు చచ్చిపోయేవాళ్ళం.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, అక్కకు పద్నాలుగు. ఇంట్లో మాతో ఉన్నది మా నాయిన తల్లి, అవ్వ. రెండేళ్ళుగా వానలు లేవు. అవ్వ కోడికూతకు ముందే లేచి పొయ్యి రాజేసేది. జొన్నపిండి మీద వేడినీళ్ళు పోసి కలుపుతుంటే వచ్చే ఆ వాసన ఇప్పటికీ నాకు నిద్రలో వస్తుంది. రొట్టె కొడుతూ దరువుకు తగ్గట్టు క్రైస్తవ పాటలు పాడేది. పాట ఆగిందంటే పిండి అయిపోయిందని మాకు తెలిసేది. ఆమె రొంటిన ఎప్పుడూ తంబాకు ఆకు ఉండేది. అది పాపమని పాస్టరు అంటే, "అయ్యగారు మీకు ఛాయ్ ఉన్నది, నాకు ఇది ఉన్నది" అని నోరు మూయించేది. రొట్టె తిన్నాక ముగ్గురం పల్లికాయ కుప్ప ముందు కూర్చునేవాళ్ళం. మిల్లు నుంచి మూటలు తెచ్చి ఇంటింటికీ వేసి పోయేవాళ్ళు. వలిచి, గింజ చెదరకుండా తిరిగి ఇవ్వాలి. మధ్యాహ్నానికి బొటనవేళ్ళ గోళ్ళ కింద మంట మొదలయ్యేది. ఇల్లంతా పొట్టు, ఎర్రటి దుమ్ము, పచ్చి పల్లీ వాసన. నీళ్ళకు బోరింగు దగ్గరికి పోతే కుండల వరుస సందు మలుపు దాటి ఉండేది. ఆ రెండేళ్ళు మేము నీళ్ళను చూసింది కుండలో, చెంబులో, అంతే.

అమ్మ, నాయిన సముద్రం దగ్గర ఉన్నారు. మా వాడలో సగం ఇళ్ళు అట్లాగే ఉండేవి, ముసలివాళ్ళూ పిల్లలూ మాత్రమే మిగిలి. మేస్త్రి వచ్చి జతలు జతలుగా మనుషులను లారీ ఎక్కించుకుని పోయేవాడు. దేశంలో ఎక్కడ కట్ట కట్టినా, కాలువ తవ్వినా మా పాలమూరు మనుషులే. ఆసారి మాత్రం నది కాదు, సముద్రం. ఓడలు ఆగే రేవు కడుతున్నారట, నీళ్ళలోకి రాళ్ళు పోసి పొడుగ్గా గోడ కట్టాలట. "సముద్రం ఎంతుంటదే అవ్వా?" అని అడిగాను. చెరువులకే సముద్రమని పేర్లు పెట్టుకున్న సీమ మాది. అవ్వ కాసేపు ఆలోచించి, "మన చెరువు నిండితే ఎంతుంటదో దానికి ఆవలి ఒడ్డు ఉండదు" అంది. ఒడ్డు లేని చెరువు నా బుర్రకు పట్టలేదు. ఒడ్డు లేకపోతే అమ్మ ఎక్కడ నిలబడుతుంది అని ఏడ్చాను. అప్పుడు అక్క నా చెయ్యి పట్టుకుని, "సముద్రం సూస్తవా? సూపిస్త పా" అని హాలు దగ్గరికి తీసుకుపోయింది. గోడ మీద అంటించిన బొమ్మలో నీలంగా, తెల్లటి నురుగుతో, సముద్రం.

హాలు గేటు దగ్గర మౌలాలి మామ ఉండేవాడు. వెనుకట ఆయన కూడా మేస్త్రి వెంట పోయిన మనిషే. ఏదో డ్యాము కట్టే దగ్గర మందుగుండు పేలి కుడిచేతి రెండు వేళ్ళు పోతే ఊరికి తిరిగి వచ్చి గేటు దగ్గర కుదిరాడు. గేటు మూశాక ఆయనకు రెండో పని ఉండేది. ఇంగ్లీషు సినిమాకు తెర పక్కన నిలబడి కథ చెప్పడం. ఆయనకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. మొదట్లో హాస్టలు పిల్లలు "కూర్చో సాబ్" అని కేకలేసేవాళ్ళట. తర్వాత ఆయన లేకపోతే ఆట మొదలుపెట్టనిచ్చేవాళ్ళు కాదు. అబ్బాయిలు పొడుగాటి పలకల మీద నిలబడి అలల మీద జారుతుంటే, "అవి ఇండ్ల తలుపులు. పీకి తెచ్చుకున్నరు. దొంగల భయం లేని ఊరు గదా, తలుపులతోని ఏం పని?" అనేవాడు. అమ్మాయిలు ఈత బట్టలతో వస్తే బెంచీల మీద నుంచి ఈలలు. మౌలాలి మామ గొంతు పెంచి, "ఒర్రకుండ్రి! ఉన్నది ఒక్క జత, ఉతికి ఆరేసుకున్నరు. ఆరేదాంక ఏం కట్టుకుంటరు మరి?" అని కసిరేవాడు. ముద్దులు వస్తే ముఖం తిప్పుకుని, "ఆమె కంట్ల నలుసు పడ్డది. ఊదుతుండు" అనేవాడు. ఒక్కో సినిమాలో ఎంతమంది కళ్ళలో నలుసులు పడేవో.

మా దగ్గర టికెట్టు ఎక్కడిది? అక్క గుప్పెడు వేయించిన పల్లీలు కొంగున కట్టుకుని పోయి, "మామా, చెల్లె సముద్రం సూడలే" అంది. ఆయన మమ్మల్ని ఎగాదిగా చూశాడు. "మీ వాళ్ళు యాడికి పోయిండ్రు?" "సముద్రం కాడికే." ఆయన గేటు పక్కకు జరిపాడు. తెర ముందు ఇసుకలో కూర్చున్నాం. మాలాంటివాళ్ళే ఇంకా పది పన్నెండు మంది పిల్లలు అక్కడ. వాళ్ళ అమ్మానాన్నలు కూడా ఎక్కడెక్కడో కట్టలు కడుతున్నవాళ్ళే. అందుకేనేమో మౌలాలి మామ కథంతా మాకు తెలిసిన లోకంలోకి మళ్ళించేవాడు. "గీళ్ళందరు ఎందుకు ఎగురుతున్నరంటే, పని అయిపోయింది. మేస్త్రి అందరిని ఇండ్లకు పొమ్మన్నడు. లారీ వచ్చేదాంక గిట్ల ఎగురుతనే ఉంటరు." అంత చల్లటి మాట మేము ఎన్నడూ వినలేదు. సినిమా అయ్యేదాకా లారీ వచ్చేది కాదు, వాళ్ళు ఎగురుతూనే ఉండేవాళ్ళు.

ఒక సినిమాలో పిల్లలు ఎగిరే ఒడ్డుకు ఎడమ పక్కన, దూరంగా, నీళ్ళలోకి పొడుచుకుపోయిన రాళ్ళ కట్ట ఒకటి కనిపించేది. దాని మీద అక్కడక్కడ చిన్న చిన్న మనుషులు. మౌలాలి మామ కర్రతో అక్కడ చూపించి, "అగో, ఆ కట్ట సూసిండ్రా? మన పాలమూరోళ్ళు కట్టిన కట్ట" అన్నాడు. ఆ ఒక్క మాటతో సినిమా నాకు మారిపోయింది. ముందర ఎగిరే తెల్ల పిల్లలు ఏం చేస్తే నాకేం? నేను ఆ ఎడమ మూల నుంచి కళ్ళు తిప్పలేదు. ఎర్రటి బట్టలతో ఒక మనిషి వంగి లేస్తోంది. "అక్కా, అమ్మనే గదా?" అని అరిచాను. అక్క తెర వైపు చూసింది. "ఔ, అమ్మనే. పక్కన నాయిన" అంది. ఆ వారం అంతా నేను వాడలో ఎవరు కనిపిస్తే వాళ్ళకు మా అమ్మను సినిమాలో చూశానని చెప్పాను. పిల్లలు నమ్మారు. మరుసటి ఆదివారం తమ అమ్మలను వెతుక్కోవడానికి వాళ్ళూ వచ్చారు. ఆ కట్ట మీద ఉన్నది ఏడెనిమిది మందే. మేము పంచుకున్నాం.

ఆ సినిమాల్లో ఏముందని అంతగా పడి చచ్చాం అని ఈ మధ్య చాలాసార్లు ఆలోచించాను. ఒకటి, వాటిలో ఎవరూ పని చెయ్యరు. ఇసుక ఉంటుంది, దాన్ని ఎవరూ మోయరు. నీళ్ళు ఉంటాయి, వాటి కోసం ఎవరూ వరుసలో నిలబడరు. ఎండ ఉంటుంది, దానికి వాళ్ళే ఎదురుగా పోయి పడుకుంటారు. మాకు ఎండ శత్రువు. అట్లా ఎండలో ఒళ్ళు ఆరబెట్టుకునేవాళ్ళను చూసి, వీళ్ళకు ఎన్నడూ వడదెబ్బ తగల్లేదు కాబోలు అనుకునేదాన్ని. ఇంకొకటి, ఆ లోకంలో పెద్దవాళ్ళు ఉండరు, ఉన్నా నవ్వించడానికే ఉంటారు. అమ్మానాన్నలు ఎక్కడున్నారని ఆ పిల్లలు ఒక్కసారి కూడా ఏడవరు. మేమూ అమ్మానాన్నలు లేని పిల్లలమే. కాని వాళ్ళకు అది సెలవు, మాకు కరువు. ఊరి బయట ఎండిన వాగులో మేము వాడ పిల్లలమంతా చేరి ఆ ఎగురుడు ఎగిరేవాళ్ళం. తలుపు బదులు విరిగిన చేట మీద నిలబడేవాళ్ళం. ఒకసారి అవ్వ చూసి కట్టె పట్టుకుని వాగు పొడవునా తరిమింది. నీళ్ళుంటే ఆమె కూడా ఆ మీసాలాయన లాగే పడేది.

అవ్వకు సినిమా అంటే సైతాను పని. పైగా ఆదివారం పొద్దున, గుడిలో ఆరాధన జరిగే వేళకే ఆ ఆట. మొదట్లో మేము గుడికని చెప్పి హాలుకు పోయి, పాస్టరు ఏం చెప్పాడని అవ్వ అడిగితే అక్క ఏదో ఒక వాక్యం అప్పజెప్పేది. దొరికిపోయిన నాడు వీపులు చిట్లాయి. అట్లాంటి అవ్వ ఉన్నట్టుండి మారిపోయింది. అది నాకు విషజ్వరం తగ్గి, గోడ పట్టుకుని నడుస్తున్న రోజుల్లో. ఒక ఆదివారం పొద్దున తలస్నానం చేయించి, నూనె రాసి, తనే గుప్పెడు పల్లీలు వేయించి అక్క కొంగున కట్టి, "పోయి రాండ్రి బిడ్డా, దాన్ని మంచిగ పట్టుకొని తీస్కపో" అంది. నేను గెలిచాననుకున్నాను. జ్వరం వచ్చినందుకు అవ్వ మెత్తబడిందని సంబరపడ్డాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం అవ్వ ఒక్కతే గుడికి పోయేది, మేము సముద్రానికి పోయేవాళ్ళం. అక్క నన్ను చంకనేసుకుని పోయిన రోజులు కూడా ఉన్నాయి. తెర మీద కట్ట కనిపించగానే నేను అడగకముందే తనే చూపించేది. "అగో అమ్మ. నిన్ననే కొత్త చీర కట్టుకున్నట్టున్నది."

తొలకరి పడ్డాక నాయిన ఒక్కడే వచ్చాడు. గడ్డం పెరిగి, కళ్ళు లోపలికి పోయి, వాకిట్లో నిలబడి లోపలికి రాలేదు. అమ్మ ఏదని అడిగాను. అవ్వ నన్ను ఒడిలోకి లాక్కుని చెప్పింది. అమ్మ అంతకు ఒకటి రెండు రోజుల ముందే పోయిందని నేను అనుకున్నాను, ఎవరూ కాదనలేదు. ఆ తర్వాత మేము ఆ హాలు ముఖం చూడలేదు. నాయిన మళ్ళీ ఏ మేస్త్రి లారీ ఎక్కలేదు. అక్కను చదువు మాన్పించారు. ఆమె పల్లికాయ వలిచి, కలుపుకు పోయి, నన్ను బడికి పంపింది. నేను టీచరు కావడానికి ఎవరి వేళ్ళు పగిలాయో నాకు తెలుసు.

అక్క అడిగిన సినిమా కోసం గద్వాలకు తిరిగి వచ్చి ఫోనులో వెతకడం మొదలుపెట్టాను. పేరు తెలియదు, అందులో నటించినవాళ్ళు ఎవరో తెలియదు. తెలిసింది ఎడమ పక్క ఉన్న రాళ్ళ కట్ట ఒక్కటే. అరవైల నాటి సముద్రపు ఒడ్డు సినిమాలు ఇన్ని ఉంటాయని నేనెరుగను. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి, అదే గొడుగులు, అవే కార్లు, అదే అలక. మా చిన్నప్పుడు ఆరు దినాలు ఎదురుచూస్తే దొరికేది ఇప్పుడు వేలు ఆనిస్తే గంగలా వచ్చి పడుతోంది, నాకు కావలసింది మాత్రం దొరకదు. నాకు ఒళ్ళు మండిపోయింది. కళ్ళద్దాలు విసిరికొట్టి మళ్ళీ తెచ్చుకున్నాను. ఊళ్ళోకి నీళ్ళు వచ్చాయి, ధరూరు వైపు పోతే కాలువల కింద ఇప్పుడు వరి పచ్చగా ఉంటుంది, మా వీధి పిల్లలు సెలవులకు నిజం సముద్రానికే పోయి ఫోటోలు దిగి వస్తున్నారు. సంతోషమే. కాని ఆ పచ్చటి చేలలో కలుపు తీసేది ఇప్పుడు వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళ పిల్లలు ఏ ఊళ్ళో ఏ తెర ముందు కూర్చుని ఉన్నారో. శుక్రవారం పోయింది, శనివారం పోయింది. అన్నం వండుకోలేదు. దేవుడా, ఆ కట్ట ఒక్కటి చూపించు, ఇంకేమీ అడగను అని పైకే అన్నాను. ఆదివారం పొద్దున, ఇరవయ్యో ఇరవై ఒకటో సినిమాలో, తలుపుల మీద నిలబడ్డ అబ్బాయిల వెనుక, ఎడమ పక్కన, కట్ట కనిపించింది. ఆ సంతోషంలో ఇంటికి తాళం వెయ్యకుండానే బస్సెక్కాను.

అక్క మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుంది. నేను పక్కన చేరి ఫోను పట్టుకున్నాను. అరచేయంత సముద్రం. మౌలాలి మామ లేడు, కథ చెప్పేవాళ్ళు లేరు. వాళ్ళ ఇంగ్లీషు ఇప్పుడు నాకు అర్థమవుతోంది, అర్థమైతే అందులో ఏమీ లేదు. ఒకడు ఇంకొకడి కారును మెచ్చుకుంటున్నాడు. అక్క మాత్రం కళ్ళార్పకుండా చూసింది. మీసాలాయన నీళ్ళలో పడ్డాడు, ఉమ్ముకుంటూ లేచాడు. పడవ తిరగబడింది, అందరూ పకపకా నవ్వుతూ లేచారు. కట్ట వచ్చినప్పుడు నేను ఆపి పెద్దది చేశాను. దాని మీద ఉన్నవాళ్ళు గాలాలు వేసి చేపలు పడుతున్నారు. ఎర్రటిది చీర కాదు, ఒక ముసలాయన తొడుక్కున్న కోటు. నాకు నవ్వొచ్చింది. "సూడే, మన అమ్మ" అన్నాను. అక్క నవ్వలేదు. "అమ్మ పోయిన సంగతి నాకు అప్పుడే ఎరుక" అంది.

నాకు అర్థం కాలేదు. "ఎప్పుడు?" అన్నాను. "నీకు జరం వచ్చినప్పుడు. మేస్త్రి తమ్ముడు వచ్చి అవ్వకు చెప్తుంటే నేను పొయ్యి కాడ ఉన్న. కట్ట మీదికెల్లి కాలు జారిందట, తట్టతోని సహా నీళ్ళల పడ్డదట. మనిషి దొర్కలే. నాయిన ఒడ్డు పొంటి దేవులాడుకుంట తిరుగుతుండు, దొర్కెదాంక రానంటుండని చెప్పిండు. చిన్నది జరంల ఉన్నది, ఇప్పుడు చెప్తే బతకదు, నాయిన రాని అన్నది అవ్వ. నన్ను ఏడ్వనియ్యలే." అప్పుడు ఆమెకు పద్నాలుగేళ్ళు. తల్లిని మింగిన నీళ్ళ ముందు ఆదివారం ఆదివారం నన్ను ఒడిలో పెట్టుకుని కూర్చుని, అగో అమ్మ అని చూపించింది. "ఎట్ల సూసినవే ఆ నీళ్ళను? ఎట్ల పానం ఒప్పింది?" అని అడిగాను. "నీ కోసం పోయిన. నా కోసం గూడ పోయిన" అంది అక్క. "ఆ సినిమాల ఎవ్వరు పడ్డా నవ్వుకుంట లేస్తరు గదనే. పడుడు, లేసుడు. ఒకసారి మౌలాలి మామను అడిగిన, లేవనోళ్ళు ఎవ్వరుండరా అని. ఈ సముద్రంల ఉండరు బిడ్డా అన్నడు. ఆ మాట కోసమే పోయేదాన్ని." ఫోను చేతిలో ఇంకా నడుస్తూనే ఉంది. వాళ్ళందరూ ఎగురుతున్నారు. నేను ఆపేశాను.

సోమవారం పొద్దున నేను లేచేసరికే అక్క స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని కూర్చుంది. "మాట ఇచ్చిన గదా, పా" అంది. దవాఖానలో డయాలసిస్ గది బయట బల్ల మీద కూర్చున్నాం. లోపల మిషన్ల చప్పుడు. నేను ఆమె చెయ్యి చూస్తున్నానని గమనించి కొంగు కప్పుకుంది. "ఇప్పుడు సూది తెల్వనే తెల్వదే. అలవాటైంది. ఊకె పండుకుంటే అయిపోతది. నువ్వు పరేషాన్ గాకు" అని నవ్వింది. మూడు రోజుల కిందటైతే నేను ఆ మాట నమ్మి, సంతోషపడి, లోపలికి పంపించేదాన్ని. ఇప్పుడు ఆ నవ్వు ఎక్కడిదో నాకు తెలుసు. నర్సు తలుపు తీసి, "మార్తమ్మా, రా అమ్మా, మంచం ఖాళీ అయింది" అని పిలిచింది. అక్క నా భుజం పట్టుకుని లేవబోయింది.

"అక్కా, నీకు పోవాల్నని ఉన్నదా? నిజం చెప్పు" అన్నాను. "నీకు ఇంక ఎవ్వరున్నరే?" అంది. మూడేళ్ళ సూదులకూ అదే కారణమని అప్పుడు తెలిసింది. నేను ఆమెను బతికించుకుంటున్నాననుకున్నాను. ఆమె నన్ను ఇంకా చంకనేసుకుని మోస్తూనే ఉంది. అరవాలనిపించింది, కాళ్ళ మీద పడి, వద్దక్కా, నన్ను వదిలి పోవద్దు, లోపలికి పో, అనాలనిపించింది. ఇప్పుడు రాస్తున్నప్పుడు కూడా అనిపిస్తోంది. నర్సుతో, "ఈ రోజు మేము రాము అమ్మా" అని చెప్పాను. అక్క చెయ్యి పట్టుకుని, "పా, ఇంటికి పోదం" అన్నాను.

"మరి నువ్వు? ఒక్కదానివి ఎట్లుంటవే?" అంది. బడిలో ముప్పై ఏళ్ళు పిల్లల ముందు నిలబడ్డ గొంతు తెచ్చుకున్నాను. "నాకేమైతది? గద్వాలల ఇల్లున్నది, పుస్తకాలున్నయి, ఇరుగుపొరుగు మంచోళ్ళు. మంచిగుంట. ఒక్కదాన్నుండుడు నాకు అలవాటే." ఆమె నా గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకుని చూసింది. నేను నవ్వాను. కళ్ళు చెమర్చకుండా, పెదవి వణకకుండా, ఆమె తృప్తిపడేదాకా నవ్వుతూనే ఉన్నాను. అక్క నమ్మింది.